పస్లీ చల్‌రై: పసివాళ్ల ఊపిరికి డెబ్బై ఏండ్ల దవా తారీఖ్

మా గట్టులో నా చిన్నప్పుడు పసిబిడ్డ దగ్గుతూ, డొక్కలు లోపలికి గుంజుకుంటూ ఉంటే రెండు మాటలు వినబడేవి. పక్కింటి అవ్వ ‘డొక్కలెగరేస్తుండాడు’ అనేది. మా నానీమా ‘పస్లీ చల్‌రై’ అనేది. పస్లీ అంటే పక్కటెముక. జబాన్లు రెండు, ఖౌఫ్ ఒక్కటే. నానీమా నోట ఆ మాట వచ్చిందంటే ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

1979 చలికాలంలో ఆ మాట మా ఇంటికే వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు, నా తమ్ముడికి ఐదు నెలలు. ముందు నాకు జుకామ్ చేసింది. ముక్కు కారుతూనే వాడిని చంకనేసుకుని గల్లీ అంతా తిప్పాను. నాలుగైదు రోజులకు వాడి ముక్కు కారింది. ఇంకో రెండు రోజులకు పాలు పట్టడం మానేశాడు. నానీమా ఆవనూనెలో వెల్లుల్లి కాచి ఛాతీకి రాసింది. మసీదు దగ్గర దమ్ చేయించుకొచ్చారు. తావీజు కట్టారు. ఎవరో సూది కాల్చి కడుపు మీద వాతలు పెట్టిస్తే తగ్గుతుందన్నారు. అమ్మీ బిడ్డను గుండెకు కరుచుకుని ఒప్పుకోలేదు. అబ్బా దూది ఏకే పని ఆపేసి బస్సు కోసం పరిగెత్తాడు.

మేము పోయిన దవాఖానా పేరు ఇక్కడ ఎందుకు గాని, అక్కడ సిలిండర్ ఉంది, అందులో గాలి లేదు. ఒక ఇంజక్షన్ ఇచ్చారు. ఫజర్ వేళకు తమ్ముడు అమ్మీ ఒళ్లోనే పోయాడు. చిన్న మయ్యత్ కదా, అబ్బా రెండు చేతుల మీదనే ఖబరస్తాన్‌కు మోసుకుపోయాడు.

ఇది దుఃఖం చెప్పుకోవడానికి రాయడం లేదు. ఒక సవాల్ నా మెడలో తావీజులాగా నలభై ఏండ్ల పైన వేలాడింది. ఆ జుకామ్ నాదేనా? దానికి అప్పుడు దునియాలో ఎక్కడైనా దవా ఉందా? జవాబు వెతుక్కుంటూ చదివిందే ఈ తారీఖ్.

కోతుల జలుబు, బిడ్డల జబ్బు

తమ్ముడికి వచ్చింది ఏ వైరసో ఎవరూ టెస్టు చేయలేదు. కాబట్టి ఖాయంగా చెప్పను. కానీ ఏడాది లోపు బిడ్డల ఊపిరితిత్తుల మీద పడే వైరస్‌లలో అన్నిటికన్నా పెద్దది రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్, పొట్టిగా ఆర్‌ఎస్‌వి. అది దొరికిన కథ అజీబ్‌గా ఉంటుంది. అమెరికాలో వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో పెంచుతున్న చింపాంజీలకు జలుబు చేసింది. 1956లో వాటి నుంచి ఒక కొత్త వైరస్ తీసి, చింపాంజీ జలుబు వైరస్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది రాబర్ట్ చానక్ అనే డాక్టర్ బాల్టిమోర్‌లో ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న పసివాళ్లలో అదే వైరస్‌ను పట్టుకున్నాడు. కోతుల జబ్బు అనుకున్నది మన బిడ్డల జబ్బే అని తేలింది.

మన గట్టు, గద్వాల అప్పటిదాకా నిజాం జమానా నాటి రాయచూరు జిల్లాలో ఉండి, 1956లోనే పాలమూరు జిల్లాలో కలిశాయి. ఇక్కడ జిల్లా మారిన ఏడాదే అక్కడ ఈ వైరస్ దొరికింది. ఆ ఖబర్ మా గల్లీ దాకా రావడానికి మాత్రం అరవై ఏండ్లు పట్టింది.

ఈ వైరస్ పెద్దవాళ్లలో చాలామందికి ఉత్త జలుబు. పసివాళ్లలో ఊపిరితిత్తుల చివరన ఉండే సన్న గొట్టాల దాకా దిగుతుంది. అక్కడి కణాలను ఒకదానికొకటి అతికిస్తుంది, వాటిని చంపుతుంది. చచ్చిన కణాలు, చీమిడి కలిసి గొట్టాలను మూసేస్తాయి. పెద్దవాళ్ల గొట్టం కొంచెం వాచినా గాలి పోతుంది. ఐదు నెలల బిడ్డ గొట్టం ఎంతుంటుంది? గాలి లాక్కోవడానికి బిడ్డ బలమంతా పెడితే పక్కటెముకల కింద డొక్క లోపలికి పోతుంది. నానీమా అన్న ‘పస్లీ చల్‌రై’ అదే. ఆమెకు మర్జ్ పేరు తెలియదు గాని, నిషానీ మాత్రం ఖచ్చితంగా తెలుసు. డబ్ల్యూహెచ్‌ఓ పుస్తకాల్లో కూడా ఛాతీ లోపలికి గుంజుకోవడం న్యుమోనియా గుర్తుల్లో ఒకటి.

ఎత్తుకున్నవాళ్లు, తాకినవాళ్లు, కూచున్నవాళ్లు

నా సవాల్‌లో సగానికి జవాబు కెరొలిన్ బ్రీస్ హాల్ అనే డాక్టరమ్మ దగ్గర దొరికింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పనిచేసేది. 1976లో ఆమె కుటుంబాల్లో ఈ వైరస్ ఎట్లా తిరుగుతుందో ప్రచురించింది. చాలా ఇండ్లలోకి దాన్ని మోసుకొచ్చేది బిడ్డకంటే పెద్దవాళ్లైన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1981లో ఆమె ఇంకో తజ్రుబా రాసింది. వైరస్ ఉన్న బిడ్డల దగ్గరికి వలంటీర్లను మూడు రకాలుగా పంపింది. ఏడుగురు బిడ్డను ఎత్తుకుని ముద్దు చేశారు. పది మంది బిడ్డను ముట్టకుండా, చుట్టుపక్కల వస్తువులను మాత్రమే తాకి, ఆ చేతిని కంటికీ ముక్కుకూ రుద్దుకున్నారు. పద్నాలుగు మంది కొంచెం దూరంగా ఊరికే కూచున్నారు. ఎత్తుకున్నవాళ్లలో ఐదుగురికి సోకింది. తాకినవాళ్లలో నలుగురికి సోకింది. ఊరికే కూచున్నవాళ్లలో ఒక్కరికీ సోకలేదు. అంటే ఈ వైరస్ ఎక్కువగా చేతుల మీద సవారీ చేస్తుంది. సబ్బుతో కడిగితే పోతుంది. మా ఇంట్లో దూది ధూళి నిండిన చేతులతో ఎంతమందిమి వాడిని ఎత్తుకున్నామో! చేతులు కడుక్కోమని చెప్పేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

టీకా చేసిన జుల్మ్

వైరస్ దొరికాక టీకా చేయాలనుకోవడం సహజం. 1966లో అమెరికాలో వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపి తయారు చేసిన టీకాను పసివాళ్లకు వేశారు. పోలియోకు అదే పద్ధతి పనిచేసింది కదా, దీనికీ చేస్తుందని ఉమ్మీద్. తర్వాతి సీజన్‌లో అసలు వైరస్ వచ్చింది. టీకా తీసుకున్న పసివాళ్లలో వైరస్ సోకినవాళ్లలో 80 శాతం మంది ఆస్పత్రి పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. టీకా కాపాడకపోగా జబ్బును ముదరబెట్టింది.

ఎందుకట్లా అయిందో తెలుసుకోవడానికి సుమారు యాభై ఏండ్లు పట్టింది. వైరస్ పైన ఎఫ్ అనే ప్రోటీన్ ఉంటుంది. కణంలోకి దూరకముందు దానికి ఒక రూపం, దూరాక ఇంకో రూపం. ఫార్మలిన్ టీకాలో ఉన్నది ఎక్కువగా రెండో రూపం. శరీరం ఆ రూపానికి సిపాయీలను తయారు చేసుకుంది, వాళ్లు అసలు దుష్మన్‌ను ఆపలేకపోయారు. 2013లో జేసన్ మెక్‌లెల్లన్, బార్నీ గ్రాహం, పీటర్ క్వాంగ్ వాళ్ల బృందం మొదటి రూపాన్ని పట్టుకుని చూపించింది. అప్పుడు దారి తెరుచుకుంది. ఆ ఇద్దరు బిడ్డల మౌత్ మాత్రం ఈ మైదానంలో పనిచేసేవాళ్లందరినీ అన్ని దశాబ్దాలు భయపెట్టింది.

గుడారంలో దవా

ఇక నా సవాల్‌లో రెండో సగం. 1979లో దవా ఉందా? ఒకటి ఉంది గాని, బిడ్డల దాకా రాలేదు. దాని పేరు రైబావిరిన్. 1970లో కాలిఫోర్నియాలోని ఐసీఎన్ అనే కంపెనీలో తయారైంది, 1972లో దునియాకు తెలిసింది. వైరస్ తన నకలు రాసుకునేటప్పుడు వాడే అక్షరాల్లో ఇది దొంగ అక్షరంలాగా దూరుతుంది. రాత చెడిపోతుంది.

దాన్ని ఊపిరితిత్తుల్లోకే పంపాలని సన్న తుంపరగా మార్చే యంత్రం చేశారు. 1983లో డాక్టర్ హాల్ బృందం బిడ్డల మీద ఫలితాలు ప్రచురించింది. 1985 చివరి రోజుల్లో అమెరికా ప్రభుత్వం ఇజాజత్ ఇచ్చింది. ఆర్‌ఎస్‌వికి అది మొట్టమొదటి దవా. బిడ్డ తల మీద పారదర్శకమైన టోపీలాంటిదో, చుట్టూ గుడారంలాంటిదో పెట్టి, రోజుకు 12 నుంచి 18 గంటలు, మూడు నుంచి ఏడు రోజులు ఆ పొగమంచు వదలాలి. తల్లి బయట కూచుని చూడాలి. మందు స్ఫటికాలు గట్టిపడి వెంటిలేటర్ గొట్టాలు మూసుకుపోయేవి. జంతువుల్లో గర్భంలోని పిల్లలకు హాని చేసిందని తెలిసి, కడుపుతో ఉన్న నర్సులు ఆ గదిలోకి పోవడానికి డరేవాళ్లు. ఖర్చు సంగతి చెప్పనక్కర్లేదు.

అయినా బిడ్డ బతుకుతుందంటే ఏ తల్లి వద్దంటుంది? 1991లో వెంటిలేటర్ మీదున్న బిడ్డల్లో బాగా పనిచేసిందని ఒక అధ్యయనం వచ్చింది. 1993లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ దీన్ని వాడాలని సిఫారిష్ చేసింది. ఆ తర్వాత కొందరు ఆ అధ్యయనాన్ని మళ్లీ తిప్పి చూశారు. మందు ఇవ్వని బిడ్డలకు పోలిక కోసం ఉత్త డిస్టిల్డ్ వాటర్ తుంపర ఇచ్చారు. వాచిన గొట్టాలకు ఆ నీరు చిరాకు పెట్టి ఇంకా బిగుసుకునేట్టు చేయగలదు. మందు బాగుచేసిందా, లేక నీళ్లు పాడుచేశాయా? ఉప్పునీటితో పోల్చి చూసిన అధ్యయనాల్లో ఆ లాభం కనబడలేదు. 1996లో అకాడమీ మాట మార్చుకుంది. వాడాలి అన్నది కాస్తా, డాక్టర్ ఆలోచించుకుని వాడొచ్చు అయింది. పదేండ్ల ఉమ్మీద్ ఒక పోలిక తప్పుతో మొదలై ఒక మాట మార్పుతో ముగిసింది. ఇప్పుడు మామూలు బిడ్డలకు దాన్ని వాడరు.

నాకు ఇక్కడ ఒక విషయం బాగా నచ్చింది. తప్పు అని తెలిశాక ఒప్పుకున్నారు. మనలో ఎంతమంది హకీంలు, ఎంతమంది డాక్టర్లు అట్లా ఒప్పుకుంటారు?

బిర్యానీ పువ్వు, హైదరాబాద్ గోలీ

పసివాళ్ల ఊపిరితిత్తుల మీద పడే ఇంకో వైరస్ ఇన్‌ఫ్లుయెంజా. దానికి మాత్రం దవా దొరికింది, దాని తారీఖ్‌లో మన హైదరాబాద్ ఉంది. మందు పేరు ఒసెల్టామివిర్, జనానికి తెలిసిన పేరు టామీఫ్లూ. దాన్ని చేయడానికి కావలసిన షికిమిక్ ఆమ్లం చాలాకాలం అనాసపువ్వు నుంచి తీశారు. మన ఇండ్లలో బిర్యానీలో వేసే బాదియాన్ పువ్వు అదే. బిర్యానీ తింటే ఫ్లూ తగ్గుతుందని దీనికి మతలబ్ కాదు. పువ్వులోని ఆమ్లం ముడిసరుకు మాత్రమే, అది దవా కావడానికి ఎన్నో రసాయన మెట్లు ఎక్కాలి.

1999లో అమెరికాలో ఇది పెద్దవాళ్లకు వచ్చింది, 2000 చివర్లో ఏడాది దాటిన పిల్లలకు వచ్చింది. ఏడాది లోపు పసివాళ్లు? వాళ్లు మళ్లీ ఇంతెజార్‌లోనే. బర్డ్ ఫ్లూ భయంతో దేశాలన్నీ ఈ మందు కోసం ఎగబడినప్పుడు, 2005 డిసెంబర్‌లో రోష్ కంపెనీ నుంచి మన హైదరాబాద్ హెటెరో కంపెనీకి దీన్ని చేసే లైసెన్స్ దొరికింది. 2009 మేలో దేశంలోనే మొదటి స్వైన్ ఫ్లూ కేసు హైదరాబాద్‌లో, అమెరికా నుంచి విమానం దిగిన ఒక నౌజవాన్‌లో బయటపడింది. మర్జ్ దిగిన షహర్‌లోనే దవా చేసే కార్ఖానా ఉంది. ఆ వబాలో ఏడాది లోపు బిడ్డలకు కూడా అత్యవసరంగా ఇచ్చారు. 2012 డిసెంబర్‌లో రెండు వారాలు నిండిన పసివాళ్ల దాకా అమెరికాలో ఇజాజత్ వచ్చింది. పెద్దవాళ్లకూ పసివాళ్లకూ మధ్య పదమూడేండ్ల ఫాసిలా.

ఈ ఫాసిలా కరోనాలో కూడా చూశాం. 2020 జూన్‌లో హెటెరో రెమ్డెసివిర్ చేసి పంపింది. 28 రోజులు దాటిన బిడ్డలకు అమెరికాలో పూర్తి ఇజాజత్ వచ్చింది 2022లో. దవా ఎప్పుడూ ముందు పెద్దవాళ్ల వాకిట్లోకే పోతుంది. నోరు లేనివాళ్ల బారీ చివర్లో వస్తుంది.

షాంపూ సీసా

దవా లేనప్పుడు కూడా ఇలాజ్ ఉంటుంది అని చెప్పిన మనిషి బంగ్లాదేశ్ డాక్టర్ మొహమ్మద్ జోబాయెర్ చిష్తీ. 1996లో సిల్హెట్‌లో కొత్త డాక్టర్‌గా ఉన్నప్పుడు ఒకే రాత్రి ముగ్గురు బిడ్డలు న్యుమోనియాతో తన కండ్ల ముందే పోయారు. తర్వాత మెల్‌బోర్న్‌లో బుడగల యంత్రం చూశాడు. బిడ్డ బయటికి వదిలే గాలిని నీళ్లలోకి పంపితే వచ్చే ఒత్తిడి ఊపిరితిత్తుల్లోని సన్న సంచులను తెరిచి ఉంచుతుంది. ఢాకాకు వచ్చి ఖాళీ షాంపూ సీసాలో నీళ్లు పోసి, గొట్టం పెట్టి అదే చేశాడు. 2015లో లాన్సెట్ పత్రికలో లెక్కలు వచ్చాయి. మామూలు ఆక్సిజన్ ఇచ్చిన తీవ్ర న్యుమోనియా బిడ్డల్లో 15 శాతం చనిపోతే, సీసా బుడగలు ఇచ్చినవాళ్లలో 4 శాతం. చదువుతుంటే నాకు మా ఖాళీ సిలిండర్ గుర్తొచ్చింది.

మన పొరుగున గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి మనుషులకే బిడ్డ శ్వాస లెక్కపెట్టడం, మందు ఇవ్వడం నేర్పి న్యుమోనియా చావులను సగానికి పైగా తగ్గించారు. ఆ లెక్క మీరూ గుర్తుంచుకోండి. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డ 60 సార్లు, ఏడాది లోపు 50 సార్లు, ఐదేండ్ల లోపు 40 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తే అది ఖతర్ నిషానీ. డొక్క గుంజుకోవడం, పాలు పట్టకపోవడం, పెదవులు నీలంగా మారడం కనబడితే లెక్క కూడా అక్కర్లేదు, వెంటనే దవాఖానాకు.

భాంజీ అడిగిన మాట

2023లో వానలు వెనకబట్టిన రోజుల్లో నా భాంజీ బిడ్డకు మూడు నెలలు. భాంజీ సీడ్ పత్తి చేలో క్రాసింగ్ పనికి పోతూ బిడ్డను ఏడేండ్ల పెద్దపిల్లకు అప్పగించేది. పెద్దదానికి జలుబు. కథ మళ్లీ మొదలైంది. ముందు పోయిన ఒక క్లినిక్‌లో మూడు రకాల యాంటీబయాటిక్ ఇంజక్షన్లు రాసి, నాలుగు వేలు తీసుకుని, రెండు రోజులు అక్కడే పెట్టుకున్నారు. బిడ్డ అలిసిపోతుంటే నేను పోయి కర్నూలు తీసుకెళ్లాను.

అక్కడి పెద్ద డాక్టరమ్మ వేలికి లైటు పెట్టి చూసింది, ఆక్సిజన్ పెట్టింది, ముక్కులోంచి సన్న గొట్టంతో పాలు పోయించింది. ఇది వైరస్, యాంటీబయాటిక్ దీన్ని చంపదు, ఊపిరీ పాలూ మనం చూసుకుంటే బిడ్డ శరీరమే గెలుస్తుంది అంది.

‘మామూ, అంత పెద్ద దవాఖానాలో వైరస్‌కు దవానే లేదంట, నిజమేనా?’ అని భాంజీ అడిగింది.

‘నిజమే బేటీ. గాలే దవా’ అన్నాను.

నాలుగో రోజు బిడ్డ ఆక్సిజన్ తీసేశారు. అల్హమ్దులిల్లాహ్, ఇప్పుడు అది నా కండ్లద్దాలు గుంజి పారేస్తుంది.

భాంజీకి అప్పుడు నేను చెప్పనిది ఒకటుంది. అదే 2023లో అమీర్ దేశాల్లో ఈ తారీఖ్ మారిపోయింది. 1998లోనే పాలివిజుమాబ్ అనే యాంటీబాడీ వచ్చింది, కానీ నెలనెలా ఇంజక్షన్, సీజన్‌కు వేల డాలర్లు. నెలలు నిండక పుట్టినవాళ్లకు, గుండె జబ్బు బిడ్డలకే ఇచ్చేవాళ్లు. 2022లో యూరప్‌లో, 2023 జులైలో అమెరికాలో నిర్సెవిమాబ్ వచ్చింది. ఒక్క ఇంజక్షన్ సీజన్ అంతా కాపాడుతుంది. అమెరికాలో మొదట దాని ధర 495 డాలర్లు. 2023 ఆగస్టులో కడుపుతో ఉన్న తల్లులకు వేసే టీకా వచ్చింది. తల్లి రక్తంలోని రక్షణ బిడ్డకు పుట్టకముందే చేరుతుంది. ఈ రెండూ 2013లో దొరికిన ఆ మొదటి రూపం పుణ్యమే. అయితే ఇవి రాకముందు ఆపేవి, వచ్చాక తగ్గించేవి కావు. వచ్చాక ఇచ్చే దవా విషయంలో, చైనాలో ఆస్పత్రి పాలైన పసివాళ్లకు జైరెసోవిర్ అనే నోటి మందు ఇచ్చి లక్షణాలు తగ్గాయని 2024లో ప్రచురించారు. రైబావిరిన్ అనుభవం ఉంది కాబట్టి సబర్‌గా చూడాలి.

2019లో దునియాలో ఐదేండ్ల లోపు పిల్లలు లక్ష మందికి పైగా ఆర్‌ఎస్‌వి వల్ల పోయారని అంచనా. అందులో 97 శాతం పైన మనలాంటి గరీబ్, మధ్య ఆదాయ దేశాల్లోనే. దవా మాత్రం అవతలి 3 శాతం ఉన్న దిక్కున ముందు పుట్టింది. 2025లో డబ్ల్యూహెచ్‌ఓ ఈ రెండు రక్షణల్లో ఏదో ఒకటి అన్ని దేశాలూ ఇవ్వాలని చెప్పింది. మన సర్కారీ టీకాల జాబితాలో ఇంకా చేరలేదు. వెనకబడిన బ్లాకుల కేంద్ర జాబితాలో గట్టు పేరు చేరింది గాని, ఆ టీకా గట్టుకు ఎప్పుడు చేరుతుంది?

హైదరాబాద్‌లో నీలోఫర్ దవాఖానా ఎట్లా వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. ఏడో నిజాం కోడలు నీలోఫర్ బేగం దగ్గర పనిచేసే రఫత్ 1949లో కాన్పులో చనిపోయింది. ఆ ఒక్క మౌత్ ఆమెను కదిలిస్తే 1953లో తల్లీబిడ్డల దవాఖానా తెరుచుకుంది. ఒక పనిమనిషి మరణం అంత పని చేయించింది. లక్ష మంది బిడ్డల మరణం ఒక ఇంజక్షన్‌ను జాబితాలో చేర్పించలేదా?

పోయిన ఏడాది అమ్మీతో ఈ సంగతులన్నీ చెప్పాను. ఎత్తుకున్నవాళ్ల లెక్క కూడా చెప్పాను. ‘అయితే ఆ జుకామ్ నాదే అయి ఉంటుంది అమ్మీ’ అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

‘నీకు తొమ్మిదేండ్లు బేటా. వాడిని నీ చంకకు ఎక్కించింది నేనే. సిలిండర్‌లో గాలి నింపాల్సింది పెద్దోళ్లు’ అంది.

ఆ తర్వాత లేచి, పెద్దపిల్ల చేతులు సబ్బుతో కడిగించి, చిన్నదాన్ని దాని ఒళ్లో కూచోబెట్టింది.